కొత్తదని చెప్పిన ఫ్యాన్

ఇంజన్‌కు కొత్త ఫ్యాన్ వేయించుకుని తెచ్చిన మర్నాడే మా కారు వణకడం మొదలుపెట్టింది.

ఆ రోజు ఆదివారం. అత్తమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని చర్చికి బయలుదేరాను. గోదావరిఖనిలో మా క్వార్టర్ల సందుల్లో నెమ్మదిగా పోతున్నంతసేపూ ఏమీ తెలియలేదు. పెద్ద రోడ్డెక్కి వేగం పెంచేసరికి బానెట్ కింద గూమ్మని ఒక మోత, దాంతోపాటే స్టీరింగులో సన్నటి వణుకు. వేగం తగ్గిస్తే పోయింది, పెంచితే మళ్లీ వచ్చింది.

"ఏందే, బండికి చలిజ్వరం వచ్చినట్టున్నది?" అంది అత్తమ్మ.

చర్చి ముందు ఆపాక ఆమెను దించి, గేరు వేయకుండానే యాక్సిలరేటర్ తొక్కి చూశాను. నిలబడ్డ కారు కూడా అలాగే వణికింది. అంటే తప్పు చక్రాల్లో లేదు, ఇంజన్ దగ్గరే ఉంది. లోపల పాటలు మొదలయ్యాయి. నేను పాట పుస్తకం తెరిచి పట్టుకున్నానే గాని నా మనసంతా ఆ ఫ్యాన్ చుట్టూనే తిరిగింది. వారం రోజుల కింద వరకు ఈ కారుకు ఏ వణుకూ లేదు. ఈ వారంలో మారింది ఫ్యాన్ ఒక్కటే.

ఆ కారు నాకంటే వయసులో పెద్దది. గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు బానెట్, చేతికి బరువుగా తగిలే తలుపులు. బొగ్గుబాయిలో పెద్ద అధికారిగా చేసిన ఒకాయన రిటైరై ఊరు వదిలిపోతూ అమ్మితే మా ఆయన కొన్నాడు. మా ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి వచ్చాక అన్నం కంటే ముందు ఆ కారును తుడిచేవాడు. నాలుగేళ్ల కింద ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, భోంచేసి, కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

ఆయన ఉద్యోగం నాకొచ్చింది. నన్ను ఏరియా వర్క్‌షాపులో వేశారు. మొదట ఊడవడం, సామాన్లు అందించడం. తర్వాత పంపుల సెక్షన్లో ఒక పెద్ద ఫిట్టర్ దగ్గర పని నేర్చుకున్నాను. అందరూ చిన్నాన్నను పిలిచినట్టు ఆయనను కాక అంటారు, నేనూ అంతే. ఇప్పుడు పంపు విప్పి బిగించడం నాకు కూర వండినంత అలవాటు.

ఆ ఉద్యోగం నాకివ్వడానికి తనకు అభ్యంతరం లేదని మా మరిది ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. రేపు, ఎల్లుండి అంటూ పదకొండు రోజులు తిప్పి చివరికి పెట్టాడు. ఎందుకు ఆలస్యం చేశాడో అతను చెప్పలేదు, నేను అడగలేదు. అడగని మాట కడుపులోనే ఉండిపోయింది. ఆనాటినుంచి అతను ఏం చేసినా దాని వెనక ఇంకేదో ఉందనిపించేది. అత్తమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి అతను వచ్చిపోతుండేవాడు. వచ్చినప్పుడల్లా షెడ్డులో ఉన్న కారు వైపు చూసి, "అమ్మెయ్యి వదినె, నీకెందుకీ తిప్పలు" అనేవాడు. అలా అన్న ప్రతిసారీ నేను కారు తాళం ఎక్కడుందో చూసుకునేదాన్ని.

రెండేళ్లు కారు రేకుల షెడ్డులో దుమ్ము పట్టింది. తర్వాత నేనే నడపడం నేర్చుకున్నాను.

ఫ్యాన్ సంగతి ఎండలు ముదరకముందు మొదలైంది. ఒకరోజు ఇంజన్ లోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. బసంత్‌నగర్ పోయే దారిలో లారీల షెడ్ల మధ్య ఒక మెకానిక్ ఉన్నాడు. మా ఆయన ఉన్నప్పటినుంచి ఈ కారును అతనే చూసేవాడు. రేడియేటర్ వెనక తిరిగే నాలుగు రెక్కల ఇనుప ఫ్యాన్ మీద దీపం వేసి చూపించాడు. ఒక రెక్క మొదట్లో వెంట్రుకంత పగులు.

"అక్కా, గిది నడ్పొద్దు. ఈ రెక్క ఊశిందనుకో, రేడియేటర్ చింపుకొని బయటికొస్తది. మనిషి ఎదురుంటె మనిషిని గూడ చూడది" అన్నాడు.

"కొత్తది దొర్కుతదా తమ్మీ?"

"ఏడ దొర్కుతది? ఈ బండ్లు బందై ఎన్నేండ్లాయె! అయినా హైదరాబాదుల నాకు తెల్సినోల్లు ఉన్నరు, అడుగుత. బండి ఈడనే ఉండనియ్యి."

కారు అతని దగ్గరే వదిలి కంపెనీ బస్సులో డ్యూటీకి పోయివస్తున్నాను. మూడో రోజు సిమెంటు ఫ్యాక్టరీ వైపు పనిపడి ఆటోలో పోతుంటే ఆ షెడ్డు ముందు మా మరిది స్కూటర్ కనిపించింది. మరిది ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద చేస్తాడు. దారిలో ఆగి ఉంటాడులే అనుకున్నాను. నాలుగో రోజు మెకానిక్ ఫోన్ చేశాడు.

"దొర్కిందక్కా! డబ్బ పీసు, కొత్తది."

నేను పోయేసరికే బిగించేశాడు. కొత్త నల్లరంగుతో ఫ్యాన్ నిగనిగలాడుతోంది. అది వచ్చిన డబ్బా ఏదని అడిగితే చెత్తలో పడేశానన్నాడు. పాత ఫ్యాన్ ఇవ్వమంటే, "పాత ఇనుపోడు ఎత్తుకపోయిండక్కా" అన్నాడు. ఆ రెండు మాటలూ అప్పుడు విని ఊరుకున్నాను. ఆదివారం చర్చిలో కూర్చున్నప్పుడు రెండూ కలిసి గుర్తొచ్చాయి.

సోమవారం డ్యూటీ దిగి కారు తీసుకుని అతని దగ్గరికి పోయాను. అతను బానెట్ ఎత్తి, రేడియేటర్ మీదికి వంగి కాసేపు చూశాడు.

"ఇంజన్ కింద ఉండే రబ్బర్లు పోయినయక్కా. ముసలి ఇంజన్ గద, వణుకుతది. నువ్వెక్కి ఒక్కసారి రేస్ ఇయ్యి."

ఎక్కి తొక్కాను. మోత పెరుగుతుండగా ఎత్తిన బానెట్ పక్కనుంచి చూశాను. అప్పటిదాకా ఫ్యాన్ కెదురుగా వంగి ఉన్న మనిషి రెండడుగులు వెనక్కి వేసి, పక్కకు పోయి టైర్ల కుప్ప చాటున నిలబడ్డాడు. దిగాక ఎందుకు జరిగావని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. చెప్పనిదే నాకు కావాలి.

"ఇంత కష్టపడుడెందుకక్కా? మంచి గిరాకి వస్తె ఇచ్చెయ్యరాదు" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

మా మరిది అనే మాటే ఇతని నోట వచ్చింది. షెడ్డు ముందు ఆగిన స్కూటర్ కళ్ల ముందు మెదిలింది.

ఆ వారంలోనే మరిది ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. కరీంనగర్‌లో పెళ్లికి ముందు ఫొటోలు తీసే పని అతనిది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఆనుకుని నిలబడడానికి పాత కార్లు కొంటున్నాడట. కారు చుట్టూ తిరిగి ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "జర వణుకుతదట గద మేడం? ఏం ఫరక్ పడదు, మాకు నిలబెట్టుకోను గావాలె" అన్నాడు.

వణుకుతుందని నేను చెప్పింది మెకానిక్ ఒక్కడికే. ఇతనికెలా తెలిసింది?

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి ముందరే, వాకిట్లో ఉన్న అత్తమ్మ ముందరే మరిదిని అన్నాను: "మీ అన్న బండి ఎప్పుడు ఖరాబైతదా, ఎప్పుడు అమ్ముకుందమా అని చూస్తున్నవ్ గదా? మెకానిక్‌తోని మాట్లాడుకొని ఖరాబు చేపిచ్చినవ్. నాకు తెల్వదనుకుంటున్నవా?"

మరిది ముఖం తెల్లబోయింది. "చలో భాయ్, పోదాం" అని ఆ మనిషిని తీసుకుని వెళ్లిపోయాడు. అత్తమ్మ లేచి లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజునుంచి మరిది మా ఇంటికి రావడం మానేశాడు. నేను అన్నది నిజమే కాబట్టే రావడం లేదనుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి నేనే పానా పట్టాను. మొదట ఇంజన్ నుంచి ఫ్యాన్‌ను తిప్పే బెల్టు ఊడదీసి, నిలబడ్డచోటే ఇంజన్ కాసేపు నడిపి చూశాను. ఎంత తొక్కినా వణుకు లేదు. రబ్బర్లు పోయినా, ఇంజన్ ముసలిదైనా బెల్టు తీస్తే వణుకు ఆగదు కదా! బెల్టు వేసి తొక్కితే వెంటనే వచ్చింది. మెకానిక్ అబద్ధం చెప్పాడని అక్కడే తేలిపోయింది. నాలుగు బోల్టులు విప్పి ఫ్యాన్ చేతికి తీసుకున్నాను. మరుసటి రోజు దాన్ని పాత చీరముక్కలో చుట్టి, సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. గేటు దగ్గర రిజిస్టర్లో రాయించాలన్న సంగతి నాకు తెలుసు. కాని రాయిస్తే ఎందుకు, ఏమిటి అని నలుగురూ అడుగుతారు. నా అనుమానం ఎవరికీ చెప్పదలచుకోలేదు. కాకకు తప్ప.

కాక రిటైర్మెంటుకు కొన్ని నెలలే ఉంది. తక్కువ మాట్లాడే మనిషి. భోజనం గంటలో అందరూ పోయాక ఫ్యాన్ చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మధ్య రంధ్రంలో బిగువుగా పట్టే ఒక నున్నటి ఇనుప కడ్డీ దూర్చాడు. పంపుల చక్రాల బరువు సరిచూడటానికి మా దగ్గర రెండు ఉక్కు పట్టీలుంటాయి. పై అంచు కత్తిలా సానబట్టి ఉంటుంది. రసమట్టం పెట్టి రెండింటినీ సమంగా నిలబెట్టి, వాటి మీద కడ్డీని ఆనించి ఫ్యాన్ వదిలేశాడు. బరువు అంతటా సమంగా ఉంటే ఫ్యాన్ ఎక్కడ వదిలితే అక్కడే నిలబడాలి. ఇది నెమ్మదిగా తిరిగి, అటూ ఇటూ ఊగి, ఒక రెక్క కిందికి పెట్టి ఆగింది. కాక ఆ రెక్క మీద సుద్దతో గీత పెట్టి, దాన్ని పైకి తిప్పి వదిలాడు. మళ్లీ అదే రెక్క కిందికి వచ్చింది. ఐదుసార్లు తిప్పితే ఐదుసార్లూ అదే.

"బిడ్డా, ఈ రెక్క మీద ఏదో మోస్తున్నది" అన్నాడు.

రంగు కరిగించే మందు తెచ్చి గుడ్డతో ఆ రెక్క మొదట్లో రుద్దాడు. నల్లరంగు కరిగి జారింది. కింద గొంగళిపురుగు పాకినట్టు గడ్డలుగడ్డలుగా వెల్డింగ్.

"కొత్తదన్నడా వాడు? పల్గినదాన్ని అతికిచ్చి రంగేసిండు. ఇది తిరుగుతుంటె ఎదురుంగ నిలబడ్డవా బిడ్డా?"

ఫ్యాన్ తీసుకుని వెనక్కి తిప్పాను. మధ్యలో బోల్టులు పట్టే చోట కూడా రంగు తుడిచాను. అక్కడ పక్కపక్కన రెండు చుక్కలు, సుత్తితో పంచ్ కొట్టినవి, బయటపడ్డాయి. ఒకసారి మా ఆయన ఈ ఫ్యాన్ విప్పుతూ నన్ను టార్చి పట్టుకోమన్నాడు. మళ్లీ బిగించేటప్పుడు ఉన్నది ఉన్నట్టే కూర్చోవాలని ఫ్యాన్ మీద రెండు చుక్కలు, అది కూర్చునే చోట రెండు చుక్కలు కొట్టాడు. ఇవి ఆ చుక్కలే. నా కారు పాత ఫ్యాన్‌నే అతికించి, రంగు వేసి, హైదరాబాదు నుంచి వచ్చిన కొత్తదని నాకే అమ్మాడు మెకానిక్.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆదివారం అత్తమ్మను ఎక్కించుకుని ఎనభై మీద పోయిన సంగతి గుర్తొచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర నా సంచి చూసిన సెక్యూరిటీ అతను ఫ్యాన్ బయటికి తీశాడు.

"గిదేంది?"

"నా కారుది."

"పొద్దుగాల రాయిచ్చినవా?"

"లేదు, మర్చిపోయిన."

అతను నన్ను పక్కకు నిలబెట్టాడు. నా వెనక వరసలో ఉన్నవాళ్లు సంచి వైపు, నా ముఖం వైపు చూసుకుంటూ పోయారు. రోజూ నాతో కలిసి అన్నం తినే ఆమె కూడా ఆగలేదు. ఇంజనీరు సార్ వచ్చాడు. కారుదైతే గుడ్డలో చుట్టి ఎందుకు తెచ్చావన్నాడు. డబ్బా కింద ఎందుకు పెట్టావన్నాడు. వెల్డింగ్ ఎక్కడ చేశావన్నాడు. నేను ఉన్నదున్నట్టే చెప్పాను. చెప్పే కొద్దీ అది కట్టుకథలా నాకే వినిపించింది.

సైకిల్ తోసుకుంటూ వచ్చిన కాక మమ్మల్ని చూసి ఆగాడు. "సార్, గది కంపెనీ మాల్ గాదు. నేనే తెమ్మన్న. నేనే చూసిన" అన్నాడు. ఆయన తెమ్మనలేదు. ఆ మాట నేను చెప్పేలోపే సార్ ఆయన వైపు తిరిగి, వర్క్‌షాపులో సొంతపని చేసినందుకు మెమో ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. ముప్పై ఏళ్లకు పైబడ్డ సర్వీసులో కాకకు అదే మొదటి మెమో. ఫ్యాన్ రెండు రోజులు గేటు గదిలో ఉండి, తర్వాత కాగితం రాయించుకుని నా చేతికొచ్చింది.

"బుక్కుల రాయిస్తె అయిపోతుండె గద బిడ్డా. దాచుడెందుకు?" అన్నాడు కాక. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఫ్యాన్ తీసుకుని నేరుగా మెకానిక్ దగ్గరికి పోయాను. అతని ముందు బల్ల మీద పెట్టి రెండు చుక్కలు చూపించాను.

"ఇది మా ఆయన కొట్టిన పంచ్. ఇది నా ఫ్యానే."

అతను ఆ చుక్కలను వేలితో తడిమాడు. "వెల్డింగ్ మంచిగనే చేపిచ్చినక్కా. లారీలల్ల అందరు చేస్తరు. ఏం గాదనుకున్న."

"ఏం గాదనుకుంటె నేను రేస్ ఇస్తున్నప్పుడు నువ్వెందుకు పక్కకు జరిగినవ్?"

అతను ఫ్యాన్‌ను బల్ల మీద అవతలికి జరిపాడు. నేను అసలు ప్రశ్న అడిగాను. "మా మరిది చేపిచ్చిండు గదా?"

అవునని అతను అనాలని నేను కోరుకున్నాను. అని ఉంటే సగం నేరం అటు తోసి తప్పించుకునేవాడే. కాని తల అడ్డంగా ఊపాడు.

"లేదక్కా. ఆయనకు తెల్వది. కొలతల కోసం వచ్చిండు. బెల్లంపల్లిల ఎవరి దగ్గర్నో గిసువంటి ఫ్యాన్ ఉన్నదట, పాతది చూపియ్యి, బోల్టుల దూరం కొలుచుకుంట అన్నడు. ఆయన తెస్తె నా గిరాకి పోతదని, కొత్తది వస్తున్నది, అక్కరలేదని చెప్పి పంపిన. చెప్పినంక తేవాలె గద. హైదరాబాదుల దొర్కలే. గందుకె గిట్ల చేసిన."

అతను నా డబ్బు వాపసు ఇచ్చాడు. తీసుకుని వచ్చేశాను. ఆ మాటలు నేను నమ్మలేదు. ఇద్దరూ కలిసి అల్లుకున్న కథ కావచ్చనుకుంటూనే ఇంటికొచ్చాను. కాని దారి పొడుగునా ఒక ప్రశ్న తొలిచింది. తన తప్పు ఒప్పుకున్నవాడు ఇంకొకణ్ణి ఎందుకు కాపాడతాడు?

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బెల్లంపల్లి ఫ్యాన్ సంగతి తెలుసా అని అడిగాను. ఆమె తలెత్తలేదు.

"వాడు చెప్పిండు నాకు. దొర్కినంక చెప్దాం, ఇప్పుడే వదినెకు చెప్పకు అన్నడు."

"బండి వణుకుతదని ఆ కరీంనగర్ ఆయనకు ఎవరు చెప్పిన్రు?"

"నేనే ఫోన్ల చెప్పిన నా కొడుక్కు. బండికి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నది, నీ వదినె మాట ఇంటలేదు, నాకు బుగులైతున్నదన్న. గిరాకిని తెమ్మన్నది గూడ నేనే." చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టింది. "నీకేమన్న చెప్పుదమంటె, చెప్పనిస్తవా? పోలీసోని తీర్గ చూస్తవ్."

మర్నాడు ఫస్టు షిఫ్టు దిగి మరిది ఇంటికి పోయాను. వాళ్ల అద్దె ఇల్లు ఫ్యాక్టరీ దగ్గర. సిమెంటు దుమ్ముతో ఆకులన్నీ బూడిదరంగులో ఉన్న వేపచెట్టు కింద నిలబడి పిలిచాను. మరిది బయటికొచ్చాడు గాని రమ్మనలేదు. మా తోడికోడలు కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"తప్పయింది" అన్నాను. "నలుగురి ముందట అనరాని మాటన్న."

"మెకానిక్ సంగతి పోనీ వదినె. ఆ కాగితం మీద సంతకం పెట్టిననాడే నువ్వు నన్ను చూసే చూపు మారింది. పదకొండు దినాలు ఎందుకు పెట్టలేదో ఎన్నడన్న అడిగినవా?"

"ఎందుకు?"

"ఆ నౌకరి నాకైతె మంచిగుండు అనిపిచ్చింది. అన్న మట్టి గూడ ఆరలేదు, నాకు గా ఆలోచనొచ్చింది. కాంట్రాక్టు బతుకు గద. రోజు కాగితం తీస్తుంటి, లోపల పెడ్తుంటి. తర్వాత నాకే సిగ్గైంది, పెట్టిన. నువ్వనుకున్నది అబద్ధమేం గాదు."

గుమ్మంలో తోడికోడలు కదలకుండా నిలబడింది. ఆమెకు కూడా ఈ మాట కొత్తలాగే ఉంది. నాకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఊహించుకున్నదాంట్లో అతను ఎంతో కుట్ర చేసిన మనిషి. ఎదురుగా నిలబడ్డవాడు మాత్రం పదకొండు రోజులు ఆశపడి, ఆ ఆశను చంపుకుని సంతకం పెట్టిన మనిషి. అతని స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. కుర్చీలో కూర్చున్నాను. తోడికోడలు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఆ బెల్లంపల్లి ఫ్యాన్ ఇంకా ఉన్నదా?" అని అడిగాను.

"అడిగి చూస్త. కాని వదినె, బండి అమ్మితె మంచిదనే నేను ఇప్పటికి అంట."

"అను. నేనైతె అమ్మేది లేదు."

అతను కొంచెం నవ్వాడు.

వారం తర్వాత అతనే బెల్లంపల్లి పోయి ఆ ఫ్యాన్ తెచ్చాడు. ఒకప్పుడు కంపెనీలో కారు నడిపి రిటైరైన ముసలాయన, బాయిలు మూతపడి ఊరు ఖాళీ అవుతున్నా కదలకుండా అక్కడే ఉన్నాయన, దాన్ని దూలానికి వేలాడదీసి ఉంచాడట. తుప్పు పట్టింది గాని రెక్కల్లో పగులు లేదు. మొదళ్లు నూనెతో కడిగి, ఎండలో పెట్టి, భూతద్దంతో చూశాను. గోరుతో గీకి చూశాను. మరిది పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఈసారి ఫ్యాన్ బరువు సరిచూసింది వర్క్‌షాపులో కాదు, కాక ఇంట్లో. అక్కడికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. కాక భార్యకు మెమో సంగతి తెలుసు. "రిటైరయ్యే ముందట మా ఆయనకు మచ్చ తెస్తివి గదనే" అంది మొహం మీదే. నేను తలవంచుకున్నాను. కాసేపటికి ఆమే మంచినీళ్లు తెచ్చిచ్చింది.

కాక అరుగు మీద రెండు స్టూళ్లు వేసి, వాటి మీద అంచులు సానబట్టిన రెండు ఇనుప పట్టీలు నిలబెట్టాడు. మరిది రసమట్టం పట్టుకుని కూర్చున్నాడు. బుడగ మధ్యకు వచ్చేదాకా స్టూలు కాళ్ల కింద అట్టముక్కలు పెడుతూ పోయాం. ముందు ఫ్యాన్‌ను చదును బండ మీద పెట్టి ఒక్కో రెక్క కొస ఎంత ఎత్తుందో కొలిచాం. ఒకటి కొంచెం వంగి ఉంది. చెక్కసుత్తితో దాన్ని సరిచేశాక కడ్డీకెక్కించి పట్టీల మీద వదిలాం. ఇది కూడా తిరిగింది. మూడో రెక్క కిందికి పెట్టి ఆగింది.

నేను పట్టీల దగ్గరికి వంగాను. "ఇది గూడ గట్లనే ఉన్నది కాకా!"

"ఏ ఫ్యానైనా జర తేడా ఉంటది బిడ్డా. ప్రతిదాన్ని దొంగను చూసినట్టు చూస్తె ఎట్ల? చపాతి పిండి తెమ్మను మీ చిన్నమ్మను."

పిండిముద్ద తెచ్చి, బరువు రెక్కకు ఎదురుగా ఉన్న తేలిక రెక్క కొసన చిటికెడు అతికించాడు. ఫ్యాన్ తిరగడం కొంచెం మందగించింది. మరో చిటికెడు. ఇంకా మందగించింది. మూడోసారి బఠాణీ గింజంత అతికించేసరికి ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. నేను ఊపిరి వదిలేలోపు అది మళ్లీ మెల్లగా కదిలింది. ఆ వెంటనే కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్. కాక నవ్వుతూ చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. మూడు పేలుళ్లు అయ్యేదాకా అలాగే కూర్చున్నాం. తర్వాత రసమట్టం మళ్లీ చూసి, మొదటినుంచి చేశాం. పిండి ఎండితే బరువు తగ్గుతుంది కాబట్టి జల్దీ కానియ్యమని కాక తొందర చేశాడు.

అతికిన పిండి ఎంత బరువో అంత ఇనుము ఎదుటి బరువు రెక్క నుంచి తీయాలి. "మొదట్ల ముట్టుకోవద్దు, బలం పోతది. కొసన రుద్దు" అని ఆకురాయి నా చేతికిచ్చాడు. కొసన కాస్త రుద్దడం, పిండి కాస్త గిల్లి తీసేయడం, పట్టీల మీద పెట్టి చూడటం. చివరికి పిండి మొత్తం తీసేశాం. ఫ్యాన్‌ను ఎనిమిది వైపులకు తిప్పి వదిలితే ఎనిమిదిసార్లూ కదలకుండా నిలబడింది. కాక ఇక చాలన్నాడు. నేను మాత్రం తొమ్మిదోసారి తిప్పి చూశాను.

ఆ సాయంత్రమే మా షెడ్డులో బిగించాం. పాత వణుకుకు, ఫ్యాన్ కూర్చునే నీళ్ల పంపు బేరింగ్ కొంచెం వదులైందేమోనని ఊపి చూశాను, గట్టిగానే ఉంది. కారు స్టార్ట్ చేశాక అందర్నీ పక్కకు నిలబడమని చెప్పి యాక్సిలరేటర్ తొక్కాను. మోత పెరిగింది. స్టీరింగ్ నిమ్మళంగా ఉంది. ఇంజన్ ఆపాక కూడా నా చేతులు దాన్ని వదల్లేదు. కాక వచ్చి బానెట్ దించి, "ఇగ నడువు" అన్నాడు.

ఆయన మెమో మాత్రం అలాగే ఫైల్లో ఉంది. ఇంజనీరు సార్‌ను రెండుసార్లు కలిసి తప్పు నాదని రాసిచ్చాను. చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. మెకానిక్ దగ్గరికి మళ్లీ పోలేదు.

మొన్న మరిది తోడికోడలిని మంచిర్యాల దవాఖానకు తీసుకుపోవాలని కారు అడిగాడు. తాళం ఇచ్చాను. మా ఆయన పోయాక ఆ కారు నడపడానికి ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. పొద్దున పోయి మూడు గంటలకు వచ్చారు. కారు షెడ్డులో పెట్టి, తాళం నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. నేను కాసేపు ఆగాను. తర్వాత ఉండబట్టలేక షెడ్డులోకి పోయి బానెట్ ఎత్తి, ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. నాలుగు బోల్టులు తడిమాను.

మందుల చీటీ సీట్లో మర్చిపోయి మరిది తిరిగొచ్చాడు. నా చెయ్యి ఇంకా ఫ్యాన్ మీదే ఉంది. చెవులు వేడెక్కాయి.

అతను తలుపు తీసి చీటీ జేబులో పెట్టుకున్నాడు. "చూసుకో వదినె. నీళ్లు గూడ చూడు, ఎండల తిరిగినం" అని స్కూటర్ స్టార్ట్ చేసుకున్నాడు.

రేడియేటర్ మూత చల్లారేదాకా ఆగి విప్పాను. నీళ్లు కొంచెం తగ్గాయి. బకెట్ తెచ్చి పోశాను.